కారణం లేని గుర్రు ఉందా?

ఎదురుగా ఎవరూ లేకుండా కుక్క ఎందుకు గుర్రుమంటుంది? కుక్క ఉన్న ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు తలెత్తే ప్రశ్న ఇది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో అర్ధరాత్రి వాకిట్లో కుక్క చీకటి వైపు మూతి పెట్టి గుర్రుమంటుంటే "ఎవులూ నేరు గదా, దేన్ని సూసి గుర్రుమంటంది?" అనుకుంటూ ఇంట్లోవాళ్లు లేచి, టార్చిలైటు వేసి చూసి, మళ్లీ పడుకుంటారు. గాలి తిరుగుతోందని, ఇంటికి కీడు రాబోతోందని పెద్దవాళ్లు అంటారు. పట్నంలో డబ్బు పోసి కొన్న లాబ్రడార్‌ను పెంచేవాళ్లయితే దానికి పొగరెక్కిందంటారు. రెండు జవాబులూ ఒకే చోట తప్పుతాయి. మనిషికి కనబడలేదు కాబట్టి అసలు కారణమే లేదని రెండూ అనుకుంటాయి.

జంతువుల ప్రవర్తనను పరిశీలించినవాళ్లు చెప్పేది వేరు. గుర్రుకు కారణం ఉంటుంది, కాకపోతే అది దాక్కునే చోట్లు మూడు. మొదటిది, మనిషి కంటికీ చెవికీ ముక్కుకీ అందని చోటు. రెండోది, కుక్క ఒళ్లు. మూడోది, దాని మనసు, అంటే అది నేర్చుకున్న భయాలూ, తనదనుకున్న వాటి మీద దానికున్న పట్టూ. ఈ మూడింటినీ వరసగా చూస్తే, గుర్రును మాన్పించబోవడం ఎందుకు ప్రమాదమో, ఎలాంటి మార్పును జబ్బుగా అనుమానించాలో కూడా తేలుతుంది.

గొంతులో ఏం జరుగుతుంది?

కుక్క గొంతులో ఉన్న స్వరపేటికలో స్వరతంతువులు ఉంటాయి. ఊపిరి వాటి మీదుగా పోతున్నప్పుడు అవి అదిరి శబ్దం పుడుతుంది. మొరిగేటప్పుడు ఊపిరి ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది. గుర్రుమనేటప్పుడు నోరు దాదాపు మూసే ఉంటుంది, ఊపిరి నిదానంగా, ఎడతెగకుండా వస్తుంది. అందుకే మొరుగు ముక్కలు ముక్కలుగానూ, గుర్రు సాగుతూనూ వినిపిస్తాయి.

గుర్రు ఎప్పుడూ మంద్రంగా, గరుకుగా ఎందుకుంటుంది? అమెరికా జీవశాస్త్రవేత్త యూజీన్ మోర్టన్ 1977లో పక్షుల, క్షీరదాల అరుపులను పోల్చి దీనికి ఒక సూత్రం చెప్పాడు. తలపడటానికి సిద్ధమైన జంతువు మంద్రమైన గరుకు శబ్దం చేస్తుంది. లొంగిపోయేది, భయపడేది, మచ్చిక చూపేది సన్నని హెచ్చుగొంతు పెడుతుంది. పెద్ద ఒంటి నుంచి పుట్టే శబ్దం సహజంగానే మంద్రంగా ఉంటుంది కాబట్టి, గొంతు తగ్గించిన జంతువు తనను పెద్దదిగా చూపించుకుంటుంది. అన్నం కోసం కుంయ్ కుంయ్‌మనే కుక్కే, ఆ అన్నం దగ్గరికి ఇంకో కుక్క వస్తే గుర్రుమనడానికి కారణం ఇదే.

గుర్రులో ఇంకా చాలా సమాచారం ఉంటుంది. స్వరపేటిక నుంచి పెదవుల దాకా ఉన్న దారి పెద్ద కుక్కలో పొడవుగా, చిన్న కుక్కలో పొట్టిగా ఉంటుంది. ఆ పొడవు శబ్దానికి ఒక ముద్ర వేస్తుంది. హంగరీలోని బుడాపెస్ట్‌లో ఓట్వోష్ లోరాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కుక్కలకు రెండు బొమ్మలు చూపించారు. ఒకటి పెద్ద కుక్కది, ఒకటి చిన్నది. దాచిన స్పీకరు నుంచి గుర్రు వినిపించగానే, ఆ గుర్రుకు సరిపోయే సైజు బొమ్మ వైపే కుక్కలు ఎక్కువగా చూశాయి.

అదే బృందం 2010లో ప్రచురించిన ఇంకో ప్రయోగం మరీ ఆసక్తికరం. గదిలో ఒక ఎముక పెట్టి కుక్కను లోపలికి వదిలారు. అది ఎముక దగ్గరికి వెళ్లేసరికి, పక్కనే కప్పి ఉన్న బోను వెనక నుంచి గుర్రు వినిపించారు. తిండిని కాపాడుకునే కుక్క గుర్రు వినగానే చాలా కుక్కలు ఎముకను వదిలి వెనక్కి తగ్గాయి. కొత్త మనిషిని బెదిరించే గుర్రుకు అంతగా తగ్గలేదు. రెండూ కోపపు శబ్దాలే అయినా "ఈ ఎముక నాది" అనే గుర్రుకూ "నువ్వెవరు?" అనే గుర్రుకూ ఉన్న తేడా కుక్కలకు తెలుసన్నమాట.

మనుషులకూ కొంత తెలుసు. 2017లో ఇదే బృందంలోని పరిశోధకులు మనుషులకు గుర్రులు వినిపించి, ఏ సందర్భంలోవో పోల్చమన్నారు. 100కు 63 సార్లు సరిగ్గా చెప్పగలిగారు. ఆటలో వచ్చే గుర్రును అన్నిటికంటే తేలిగ్గా గుర్తుపట్టారు. ఆడవాళ్లు మగవాళ్లకంటే బాగా పోల్చారు. తాడు ముక్క పట్టుకుని లాగులాడేటప్పుడు, పిల్ల కుక్కలు ఒకదాని మీద ఒకటి దొర్లేటప్పుడు వచ్చే గుర్రులు పొట్టిగా, వెంటవెంటనే వస్తాయి. అప్పుడు ఒళ్లు వదులుగా ఉంటుంది, తోక ఊగుతుంది, ముందు కాళ్లు చాపి వెనక భాగం పైకి లేపుతుంది. ఆ గుర్రుకు భయపడాల్సింది లేదు. ఒళ్లు బిగిసి, కదలిక ఆగిపోయి, చూపు ఒకేచోట నిలిచిన గుర్రు సంగతి వేరు.

మనిషికి అందనిది

కారణం కనబడని గుర్రుల్లో చాలావాటికి కారణం బయటే ఉంటుంది. దాన్ని పట్టుకునే సాధనాలు మనిషికి లేవు.

ముందు ముక్కు. మనిషి ముక్కులో వాసనను పట్టే గ్రాహకాలు 50, 60 లక్షలుంటే కుక్క ముక్కులో 20 కోట్లకు పైగా ఉంటాయని అంచనా. సంఖ్య ఒక్కటే కాదు, కట్టడమూ వేరు. లోపలికి వెళ్లిన గాలి రెండు పాయలవుతుంది. ఎక్కువ భాగం ఊపిరితిత్తులకు పోతే, కొంత భాగం ముక్కు వెనకనున్న వాసన గదిలోకి వెళ్లి అక్కడ కాసేపు నిలుస్తుంది. బయటికి వదిలే గాలి ముక్కు పక్కనున్న చీలికల గుండా పోతుంది కాబట్టి లోపలికొచ్చే వాసనను చెదరగొట్టదు. ఆత్రంగా వాసన చూసే కుక్క సెకనుకు అయిదుసార్ల దాకా గాలి పీలుస్తుంది.

ముక్కు మరో పని కూడా చేస్తుంది. చూపుకు ఇప్పుడు ఉన్నవే కనబడతాయి; వాసన మాత్రం వెళ్లిపోయినవాటిని కూడా చెబుతుంది. గంట కిందట గుమ్మం పక్కన ఉచ్చపోసి వెళ్లిన కొత్త మగకుక్క, గోడ మీదుగా నడిచిన పిల్లి, గడ్డికుప్ప కింద దూరిన పాము, అన్నీ తమ జాడ వదిలే పోతాయి. ఖాళీ కరెంటు స్తంభాన్ని చూసి మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమనే కుక్కకు ఆ స్తంభం ఖాళీ కాదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లలో ఈ సంగతి ప్రాణాలతో ముడిపడినది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లోని కొబ్బరి, జీడి తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. జీడిపండ్లు, పనసపండ్లు దొరికే కాలంలో రాత్రిపూట తోటల్లోకీ ఊళ్ల అంచులకీ వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగుబంటి దాడిలో ఒకరు చనిపోయారు, పలువురు గాయపడ్డారు. ఈ ఊళ్లకు తూర్పున సముద్రం, పడమట తోటలూ కొండలూ. పగలు సముద్రం నుంచి నేలకు వీచే గాలి, రాత్రి నేల చల్లబడ్డాక తిరగబడి నేల నుంచి సముద్రానికి వీస్తుంది. తోటలకు తూర్పున ఉన్న ఇంటి వాకిట్లో కుక్క రాత్రివేళ పడమటికి తిరిగి గుర్రుమంటే, ఆ గాలి మోసుకొచ్చిన వాసన దానికి అందిందనుకోవడంలో తప్పు లేదు. ఆ వాసన పునుగుపిల్లిదో, నక్కదో, ఎలుగుదో గుర్రు విని చెప్పలేం. కానీ "ఏమీ లేదులే" అని చెంబు పట్టుకుని చీకట్లో తోటలోకి వెళ్లడం తెలివైన పని కాదు. పార్వతీపురం మన్యం జిల్లాలో ఏనుగుల గుంపు తిరిగే కొమరాడ, గరుగుబిల్లి వైపు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

తర్వాత చెవి. మనిషి చెవికి సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల శబ్దాలు వినిపిస్తాయి. కుక్కకు పై హద్దు దాదాపు 45,000. ఎలుకలు ఆపదలో ఉన్నప్పుడు 22,000 కంపనాల దగ్గర కీచుమంటాయి. ఆ అరుపు మనిషి చెవికి కొద్దిలో తప్పిపోతుంది. కుక్కకు స్పష్టంగా వినిపిస్తుంది. తాటాకు కప్పులోనో, ధాన్యం బస్తాల వెనకనో ఎలుక ఉంటే, నిశ్శబ్దంగా ఉన్న గదిలో కుక్క పైకి చూస్తూ గుర్రుమనడానికి అది చాలు. అయితే కుక్క చెవికి అన్నీ వినబడవు. సెకనుకు 67 కంపనాలకు తక్కువైన శబ్దాలు దానికి అందవు. ఏనుగులు దూరం నుంచి ఒకదానితో ఒకటి మాట్లాడుకునే అతి మంద్రస్వరాల మూలస్థాయి అంతకంటే తక్కువ. కాబట్టి దూరంగా ఉన్న ఏనుగుల గుంపును కుక్క కనిపెడితే ఆ ఘనత ఎక్కువగా ముక్కుదే.

చివరికి కన్ను. ఇక్కడ కుక్కకు లాభమూ ఉంది, నష్టమూ ఉంది. కంటి వెనక ఉండే మెరిసే పొర వెలుగును తిప్పి పంపి, మసక చీకట్లో చూపును పెంచుతుంది. రాత్రి బండి లైటు పడినప్పుడు కుక్క కళ్లు మెరిసేది దానివల్లే. చిన్న కదలికను కూడా కుక్క పట్టేస్తుంది. రంగుల్లో మాత్రం దానికి నీలం, పసుపు తెలిసినట్టు ఎరుపు, ఆకుపచ్చ విడిగా తెలియవు. దూరాన కదలకుండా ఉన్న వస్తువు అంచులు దానికి మసకబారతాయి. అందుకే నిన్నటిదాకా లేని ధాన్యం బస్తా, దండెం మీద ఆరేసిన రగ్గు, హెల్మెట్ పెట్టుకున్న ఇంటి యజమాని కూడా సాయంత్రపు వెలుతురులో గుర్రుకు కారణమవుతారు. గాలి ఎదురుగా వీచి వాసన అందిన క్షణంలో అదే కుక్క తోకాడిస్తుంది.

ఒంట్లో బాధ

బయట ఏమీ లేదని తేలితే చూడాల్సింది కుక్క ఒళ్లు. నిన్నటిదాకా ఒళ్లో పడుకున్న కుక్క ఈరోజు చెయ్యి వేస్తే గుర్రుమంటే, మొదట అనుమానించాల్సింది నొప్పిని. కుక్క తన బాధను దాచుకుంటుంది. కుంటకపోవచ్చు, మూలగకపోవచ్చు. తాకినచోట గుర్రుమనడమే దాని ఫిర్యాదు.

వానాకాలం ఉక్కలో చెవిపోటు ఎక్కువ. లాబ్రడార్, కాకర్ స్పానియల్ జాతుల చెవులు వేలాడుతూ గాలి ఆడక, లోపల తేమ చేరి బూజు, చీము పడతాయి. తల విదిలించడం, చెవి గోక్కోవడం, చెవిలోంచి కంపు రావడం దాని గుర్తులు. అలాంటి కుక్క తల నిమరబోతే గుర్రుమనడంలో వింత లేదు. పుచ్చిన పన్ను ఉన్న కుక్క గిన్నె దగ్గరే గుర్రుమంటుంది. దాన్ని తిండిమీద ఆశ అనుకుంటారు. పిడుదులు అంటించే జ్వరం వస్తే ఒళ్లంతా నొప్పులతో ముట్టుకోనివ్వదు. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్‌లలో తుంటి కీలు సరిగా అమరని లోపం తరచుగా కనిపిస్తుంది. మెట్లెక్కించబోయినా, నడుం పట్టి లేపబోయినా గుర్రుమనే కుక్కను ఆ కోణంలో చూడాలి.

వయసు మరో కారణం. ముసలి కుక్కకు చూపు, వినికిడి తగ్గుతాయి. వెనక నుంచి వచ్చినవాళ్ల అడుగుల చప్పుడు వినబడక, ఒంటి మీద చెయ్యి పడగానే ఉలిక్కిపడి గుర్రుమంటుంది. మెదడు కూడా ముసలిదవుతుంది. అమెరికాలోని డేవిస్ పశువైద్య కళాశాల వాళ్లు 2001లో ప్రచురించిన పరిశీలనలో 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి, 15, 16 ఏళ్ల వాటిలో 68 శాతానికి దారి మరవడం, ఇంట్లోవాళ్లను పోల్చుకోలేకపోవడం, రాత్రి నిద్రపోకపోవడం లాంటి మతిమరుపు లక్షణాల్లో కనీసం ఒకటి కనిపించింది. అర్ధరాత్రి గోడ వైపు నిలబడి గుర్రుమనే పదిహేనేళ్ల కుక్కకు కనబడుతున్నది దెయ్యం కాదు. తానెక్కడున్నదో దానికి తెలియడం లేదు.

నిద్రలో వచ్చే గుర్రు ఈ లెక్కలోది కాదు. మనిషిలాగే కుక్కకూ కనుగుడ్లు రెప్పల కింద అటూ ఇటూ కదిలే నిద్ర దశ ఒకటి ఉంది. ఆ దశలో కాళ్లు కొట్టుకుంటాయి, పెదవులు అదురుతాయి, సన్నగా గుర్రుమంటుంది. అది జబ్బు కాదు. కానీ ఆ సమయంలో తట్టి లేపితే, నిద్రమత్తు వదలకముందే కరవొచ్చు. లేపాల్సి వస్తే దూరం నుంచి పేరు పెట్టి పిలవడం మంచిది.

భయం, పట్టు

ఒంట్లో బాధ లేదు, బయట ఏమీ లేదు. అప్పుడు మిగిలేది మనసు.

కుక్కకు తనవనుకున్నవి కొన్ని ఉంటాయి. గిన్నె, ఎముక, పడుకునే గోనెపట్టా, పిల్లలు, ఒక్కోసారి ఇంట్లో ఒక మనిషి. వాటి దగ్గరికి ఎవరొచ్చినా గుర్రుమంటుంది. బయటివాళ్లకు కారణం కనబడకపోవడానికి కారణం, ఆ వస్తువు మంచం కిందో, గోడ పక్కనో ఉండటం. రెండ్రోజుల కిందట పాతిపెట్టిన చేప తలకాయ ఉన్న చోటు కూడా దానికి సొంత ఆస్తే.

ఈనిన కుక్క గుర్రు వీటన్నిటికంటే బలమైనది. దేశంలో వీధికుక్కలు ఎక్కువగా శీతాకాలంలో ఈనుతాయి. కల్వర్టు కింద, పాడుబడ్డ ఇంటి అరుగు కింద, పశువుల సాల మూలన పిల్లల్ని పెట్టుకున్న తల్లి, ఆ దారిన పోయేవాళ్లందరినీ చూసి గుర్రుమంటుంది. పిల్లలు కనబడవు కాబట్టి కుక్కకు పిచ్చెక్కిందంటారు. కోల్‌కతా ఐసర్ పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం వీధికుక్కల మీద చేసిన పరిశోధన చూస్తే ఆ తల్లి గుర్రులో ఎంత న్యాయముందో తెలుస్తుంది. వాళ్లు గమనించిన పిల్లల్లో 19 శాతమే ఏడు నెలల వయసు దాకా బతికాయి. చావుల్లో 63 శాతం ఏదో ఒక రకంగా మనుషుల వల్ల జరిగినవి.

భయం సంగతి ఇంకొంచెం లోతైనది. అమెరికాలో బార్ హార్బర్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని పెంచి, 1965లో తమ ఫలితాలను పుస్తకంగా వెలువరించారు. సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల దేనితో పరిచయమైతే దాన్ని జీవితాంతం మామూలుగా తీసుకుంటుందనీ, ఆ గడువు దాటాక కొత్తవాటికి భయపడే అవకాశం పెరుగుతుందనీ వాళ్లు తేల్చారు. ఆ తొమ్మిది వారాలూ ఒకే గదిలో, ఒకే ఇద్దరు మనుషుల మధ్య పెరిగిన పిల్ల, పెద్దయ్యాక కర్ర పట్టుకున్న ముసలాయన్నీ, గెంతే చంటివాడినీ, గొడుగునూ చూసి గుర్రుమంటుంది. ఆ ముసలాయన దాన్ని ఎప్పుడూ ఏమీ అని ఉండడు.

కొన్ని భయాలు తర్వాత అంటుకుంటాయి. ఒకప్పుడు బండి తగిలిన వీధికుక్క ఆ రకం ఇంజన్ చప్పుడు వింటే చాలు గుర్రుమంటుంది. దీపావళి టపాకాయలకు బెదిరిన కుక్క, ఆ రాత్రి దగ్గరున్న మనిషిని కూడా ఆ భయంతో కలిపి గుర్తుపెట్టుకోవచ్చు. భయాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి కూడా. పొద్దున డాక్టరు దగ్గర సూది, మధ్యాహ్నం ఇంటినిండా చుట్టాలు, సాయంత్రం పిడుగులు. రాత్రి పసివాడు తోక మీద చెయ్యి వేస్తే గుర్రుమంటుంది. రోజూ వేసే చెయ్యే కదా అంటారు. ఆ చెయ్యికి ముందు దినమంతా జరిగింది ఎవరి లెక్కలోకీ రాదు.

గోడ అవతలి కుక్కను అందుకోలేక, ఆ కోపాన్ని పక్కనున్న మనిషి మీదో తోటి కుక్క మీదో చూపించడం కూడా మామూలే. కొట్లాడుకునే కుక్కల మధ్య చెయ్యి పెట్టినవాళ్లు తమ కుక్క చేతిలోనే కాటు తినేది ఇందువల్ల.

గుర్రును మాన్పిస్తే ఏమవుతుంది?

కుక్క నేరుగా గుర్రుతో మొదలుపెట్టదు. కాటు దాకా వెళ్లే దారిలో గుర్రు చాలా ఆలస్యంగా వచ్చే మెట్టు. బ్రిటన్ పశువైద్యురాలు కెండల్ షెపర్డ్ ఈ మెట్లను ఒక నిచ్చెనగా వరసపెట్టి చూపింది. మొదట కళ్లు ఆర్పడం, ఆవులించడం, ముక్కు నాకడం. తర్వాత మొహం తిప్పుకోవడం, ఒళ్లు తిప్పుకోవడం, కాలు ఎత్తి దూరం జరగడం. ఆపైన చెవులు వెనక్కి వాల్చి ఒదిగిపోవడం, తోక కాళ్ల మధ్యకు చేర్చడం, బిగుసుకుని కన్నార్పకుండా చూడటం. అప్పటికీ ఎదుటివాళ్లు తగ్గకపోతే గుర్రు. దాని తర్వాత గాల్లో కొరకడం, ఆఖరికి కాటు.

కోస్తావాసులకు ఈ వరస కొత్త కాదు. వాయుగుండం పట్టినప్పుడు కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఒకటో నంబరు హెచ్చరికతో మొదలుపెట్టి, తుపాను దగ్గరవుతున్న కొద్దీ నంబరు పెంచుతూ పోతారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస ప్రాంతంలో తీరం దాటిన తిత్లీ లాంటి తుపానుకు పెద్ద నంబర్లే ఎగురుతాయి. ఆ హెచ్చరిక గుర్తు చూడటానికి ఇబ్బందిగా ఉందని ఎవరైనా దింపేస్తే తుపాను ఆగదు. వేటకెళ్లిన పడవలకు కబురందదు, అంతే. గుర్రుమన్న కుక్కను కొట్టి నోరు మూయించడం అలాంటిదే. భయం, నొప్పి లోపల అలాగే ఉంటాయి, హెచ్చరిక మాత్రం పోతుంది. "మా కుక్క ఏ సూచనా లేకుండా కరిచింది" అని చెప్పే ఇళ్లలో, ఆ సూచనలకు ఒకప్పుడు దెబ్బలు పడి ఉండే అవకాశం ఉంది.

కొట్టడం కాటును దగ్గర చేస్తుందనడానికి లెక్కలూ ఉన్నాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మెగన్ హెరాన్, ఆమె సహచరులు తమ దగ్గరికి కుక్కలను తీసుకొచ్చిన 140 మంది యజమానులను అడిగి 2009లో ఫలితాలు ప్రచురించారు. తప్పు చేసిన కుక్కను కొట్టిన లేదా తన్నిన వాళ్లలో 43 శాతం మందికి కుక్క ఎదురుతిరిగింది. నోట్లోది బలవంతంగా లాక్కోబోయిన వాళ్లలో 39 శాతం మందికి, తగ్గేదాకా కళ్లలోకి గుడ్లురిమి చూసిన వాళ్లలో 30 శాతం మందికి అదే అనుభవం ఎదురైంది.

మారిన గొంతు

గుర్రుమన్నంత మాత్రాన కుక్కకు పిచ్చి, అంటే రేబిస్, ఉందని కాదు. అసలు గుర్రు కంటే గొంతు మారడాన్ని గమనించాలి. రేబిస్ వైరస్ కాటు పడినచోటు నుంచి నరాల వెంట మెదడుకు పాకుతుంది. స్వరపేటిక కండరాలు చచ్చుబడి గొంతు బొంగురుపోతుంది. దవడ వేలాడి, మింగలేక చొంగ కారుస్తుంది. కారణం లేకుండా కర్రలను, రాళ్లను కూడా కొరుకుతుంది. కొన్ని కుక్కలు ఇందుకు పూర్తిగా భిన్నంగా మందకొడిగా, మూలన పడి ఉంటాయి. ఎలాంటి హెచ్చరికా లేకుండా, ఏ మెట్టూ ఎక్కకుండా కరవడం రేబిస్‌లో ఉంటుంది. లక్షణాలు బయటపడ్డ కుక్క సాధారణంగా పదిరోజుల్లోపు చనిపోతుంది. అందుకే కరిచిన కుక్కను పదిరోజులు కనిపెట్టి ఉండమంటారు. అయితే మనిషికి సూది వేయించడం ఆ పదిరోజులు ఆగదు.

కాటు పడగానే పుండును సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాల పాటు కడగాలి. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి పెట్టకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో తొలిరోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు ఇస్తారు. చర్మం చీలి రక్తం వస్తే పుండు చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ సూది కూడా అవసరమవుతుంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారనే భయంతో దాటవేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ పాత మందు వాడకం పోయి ఇరవై ఏళ్లయింది. లక్షణాలు మొదలయ్యాక రేబిస్‌కు మందు లేదు.

కారణాన్ని వెతికే తీరు

కారణం కనబడని గుర్రును విప్పడానికి ఒక క్రమం ఉంది. ఎప్పుడు, ఎక్కడ, ఏ వైపు తిరిగి, ఎవరు దగ్గరున్నప్పుడు గుర్రుమన్నదో వారం పాటు రాసుకుంటే చాలావరకు విషయం బయటపడుతుంది. రాత్రి ఒకే వేళకు, ఒకే దిక్కుకు గుర్రుమంటే కారణం బయట ఉంది. ఎక్కడున్నా ఒకేచోట తాకితే గుర్రుమంటే ఒంట్లో ఉంది. ఒకే వస్తువు దగ్గర, ఒకే మనిషి వచ్చినప్పుడు గుర్రుమంటే భయమో పట్టో ఉంది.

కొత్తగా మొదలైన గుర్రు ఏదైనా ముందు పశువైద్యుడికి చూపించాలి. ఊరి పశువుల ఆసుపత్రిలోనే చెవి, పళ్లు, కీళ్లు చూస్తారు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సాయమూ అందుతుంది. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది.

ఒంట్లో ఏమీ లేదని తేలాక ఇంట్లో పద్ధతులు మార్చాలి. తింటున్న కుక్కను కదపకుండా ఒక మూల గిన్నె పెట్టాలి. నోట్లోది తీసుకోవాలంటే లాక్కోకుండా, అంతకంటే ఇష్టమైనది ఇచ్చి వదిలించుకోవాలి. భయపడే మనిషి దూరంగా నిలబడి తిండి వేయడం మొదలుపెట్టి, కుక్క ఒళ్లు వదులైన కొద్దీ రోజురోజుకూ కొంచెం దగ్గరవ్వాలి. గుర్రుమంటే ఆ రోజుకు వెనక్కి తగ్గాలి. అయిదేళ్ల లోపు పిల్లల్ని ఏ కుక్క దగ్గరా ఒంటరిగా వదలకూడదు. కుక్క పడుకున్నప్పుడు, తింటున్నప్పుడు, పిల్లల్ని పెట్టుకున్నప్పుడు దాని జోలికి వెళ్లొద్దని వాళ్లకు ముందే నేర్పాలి.

దారిలో వీధికుక్క గుర్రుమంటే పరుగెత్తకూడదు, రాయి ఎత్తకూడదు, కళ్లలోకి చూడకూడదు. పక్కకు తిరిగి నిలబడి, చేతులు ఒంటికి ఆనించి, నెమ్మదిగా వెనక్కి నడవాలి. బండి మీద ఉంటే వేగం పెంచకుండా తగ్గించాలి. మనిషి తన హద్దు దాటి వెళ్లిపోయాడని నమ్మకం కుదిరిన కుక్క అక్కడితో ఆగిపోతుంది.